కర్నూలు నీళ్ళు, బెజవాడ కొలత

పశ్చిమ ప్రకాశంలో నీళ్ళ మాటొస్తే ట్యాంకరు గురించి మాట్లాడుకుంటాం. బోరు లోతు గురించి, ఫ్లోరైడ్ గురించి, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న వెలిగొండ ప్రాజెక్టు గురించి మాట్లాడుకుంటాం. దుకాణంలోకి వరదొస్తే ఏం చేస్తావని మార్కాపురం బజార్లో ఎవరినైనా అడిగి చూడండి. "ముందు వాన రానీ స్వామీ, వరద సంగతి తర్వాత చూద్దాం" అని నవ్వుతారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు.

కాకపోతే మనకు వాన తక్కువన్నది ఏడాది లెక్క. రోజు లెక్క వేరు. పడే ఆ కాస్త వానలో పెద్ద వాటా అక్టోబర్, నవంబర్ నెలల్లో వాయుగుండాల వెంట వచ్చి రెండు మూడు రోజుల్లో కుమ్మరించి పోతుంది. నల్లమల వాలు మీద పడ్డ నీరు గిద్దలూరు వైపు సగిలేరులోకి, కంభం వైపు గుండ్లకమ్మలోకి గంటల్లో దిగుతుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది గోదావరి జిల్లాల వైపే అయినా, ప్రకాశం జిల్లా మీద గట్టి వానే కురిసింది. మన పూర్వీకులు తెలివంతా నీటిని ఆపడం మీదే పెట్టారు. అయిదు వందల ఏళ్ళనాటి కంభం చెరువు కట్ట అందుకు సాక్ష్యం. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది కూడా. ఊళ్ళోకి వచ్చిన నీటిని ఎటు పంపాలన్న ప్రశ్న మాత్రం మనకు పెద్దగా అలవాటు లేదు. కాంప్లెక్సు కట్టే ఆసామి బోరు పాయింటు చూపించుకోవడానికి మనిషిని పిలిపిస్తాడు. సెల్లార్‌లోకి నీళ్ళు దిగితే ఎటు తోడాలో అడగడు. అదే సెల్లార్‌ను గోడౌన్ కింద అద్దెకిస్తాడు.

ఈ ఊళ్ళకు రాబోయే వరదను అర్థం చేసుకోవడానికి పక్క ఊళ్ళ అనుభవమే దిక్కు. తెలుగు నేల మీద ఈ పాతికేళ్ళలో వ్యాపార వీధులు మునిగిన ఘటనల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఒకటి 2009 అక్టోబర్ 2న కర్నూలు. రెండోది 2024 సెప్టెంబర్ 1న విజయవాడ. ఒకే నదీ వ్యవస్థ. 2009లో కర్నూలును ముంచి కిందికి పోయిన నీరే ప్రకాశం బ్యారేజీ దగ్గర 10.94 లక్షల క్యూసెక్కుల రికార్డు పెట్టింది. ఆ రికార్డును 2024లో 11.43 లక్షల క్యూసెక్కులు చెరిపేశాయి. నీటి విషయంలో పోలిక ఇంతటితో ఆగిపోతుంది. నీరు వచ్చిన తీరు, నిలిచిన తీరు, పోయాక జరిగిన పని ఏ ఒక్కటీ రెండు చోట్లా ఒకలా లేదు. ఆ తేడాల్లోనే మార్కాపురం, గిద్దలూరు వ్యాపారికి పనికొచ్చే సరుకుంది.

ముందు ఒక సామ్యం. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. 2009 అక్టోబర్ 2 గాంధీ జయంతి. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం. రెండు వరదలూ సెలవు రోజునే వచ్చాయి. షట్టర్లు దించి ఉండే రోజు, గుమాస్తాలు ఇళ్ళకు పోయే రోజు, హమాలీలు దొరకని రోజు. దుకాణం తెరిచి ఉండగా నీళ్ళొస్తే కింది వరస బస్తాలు పై వరసకు ఎక్కించడానికి నలుగురు మనుషులుంటారు, గంట టైముంటుంది. మూసి ఉన్నప్పుడొస్తే యజమాని ఇంటి దగ్గర టీవీ చూసి తెలుసుకోవాలి. పైగా రెండూ పండగ ముందే వచ్చాయి. కర్నూలులో దసరా అమ్మకాలు ముగిసి, అక్టోబర్ 17 దీపావళికి సరుకు దిగే వేళ. విజయవాడలో వినాయక చవితి ఆరు రోజులుంది. ఏడాదిలో మరే వారంలోనూ దుకాణంలో అంత సరుకు ఉండదు, అంత అప్పూ ఉండదు. బీమా పాలసీ మీద రాసిన మొత్తం మాత్రం మామూలు రోజుల సరుకు లెక్కే. దీని సంగతికి మళ్ళీ వద్దాం.

ఇక తేడాలు. కర్నూలుది నది నీరు. తుంగభద్ర ఉప్పొంగింది, సుంకేసుల దాటింది, హంద్రీ నీరు వెనక్కి తన్నింది, రెండు నదుల మధ్య ఉన్న పాత ఊరు మునిగింది. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిపడింది. ఆ ప్రాజెక్టు కట్టినవాళ్ళు ఊహించని అంకె అది. శ్రీశైలం వెనక జలాలను ముందే తగ్గించి ఉంటే కర్నూలుకు ఇంత జరిగేది కాదన్న వాదన చాలాకాలం నడిచింది. ఆ తగువు ఇంజనీర్లది. దుకాణదారుడి కోణంలో చూస్తే ఆ నీటి గుణం ఒకటే: లోతుగా వచ్చింది, జోరుగా వచ్చింది, రెండు మూడు రోజుల్లో తీసింది, తీస్తూ తీస్తూ బురద వదిలి పోయింది.

విజయవాడది కాలువ నీరు. బుడమేరు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం వైపు నీరు పారింది. కృష్ణ కూడా నిండుగా ఉండటంతో పోయే దారి లేక నిలిచిపోయింది. గండ్లు పూడ్చడానికి సైన్యం సాయం కావాల్సి వచ్చింది. మూడో గండి పూడ్చేటప్పటికి దాదాపు వారం పట్టింది. కొన్ని వీధుల్లో పది రోజులు నీరు కదల్లేదు. లోతు కర్నూలు కన్నా తక్కువ, నిలవ మూడు నాలుగు రెట్లు. అందులో మురుగు కలిసింది, చెత్త కలిసింది, వాహనాల ఆయిలు కలిసింది.

ఈ తేడా సరుకు మీద ఎలా పడుతుందో దగ్గరగా చూడాలి. బట్టల కొట్లో ఒక చీర రెండు రోజులు నది బురదలో నానితే ఉతికి, ఆరేసి, సగం ధరకో పావు ధరకో అమ్ముకోవచ్చు. అదే చీర పది రోజులు మురుగులో ఉంటే రంగులు ఒకదాన్నొకటి తినేస్తాయి, వాసన పోదు, ముట్టుకునేవాడు ఉండడు. కిరాణాలో ఉప్పు, చక్కెర, బెల్లం మొదటి గంటలోనే పోతాయి. రెండు రకాల నీళ్ళలోనూ వాటి గతి ఒక్కటే. బియ్యం, పప్పులు నానిన బస్తా ఒక్క రోజు దాటితే ముక్కిపోయి పశువుకు కూడా పెట్టలేం. సీసాల్లో, డబ్బాల్లో ఉన్నవి కర్నూలు నీటిలో కడిగి అమ్ముకోవచ్చేమో గానీ, బుడమేరు నీటిలో నానిన నూనె ప్యాకెట్టును పైన కడిగి అమ్మడం నేరంతో సమానం. మందుల దుకాణంలో అసలు చర్చే లేదు, తడిసిన ప్రతి స్ట్రిప్పూ పారేయాల్సిందే. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్‌కు నీరు తగలకపోయినా అంతే.

భవనం సంగతి కూడా ఇలాగే తేలుతుంది. కర్నూలు ప్రాంతంలో రాతి గోడలు, బేతంచెర్ల నాపరాళ్ళ నేలలు మామూలే. పాత కొట్లలో అరలు కూడా బండలతోనే ఉంటాయి. బురద పట్టిన బండ అరను పైపుతో కడిగితే సాయంత్రానికి సరుకు పెట్టుకోవచ్చు. మార్కాపురం పాత బజార్లోనూ ఈ పద్ధతే చూస్తాం. ఈ పదిహేనేళ్ళలో షాపు అంటే అర్థం మారిపోయింది. ప్లైవుడ్ ర్యాకులు, కింద నుంచి పైదాకా గాజు, ఫాల్స్ సీలింగ్, గోడకు పలకలు బిగించి లోపల వైర్లు. ప్లైవుడ్, ఎండీఎఫ్ నీళ్ళు తాగి ఉబ్బాయంటే మళ్ళీ సొంత కొలతకు రావు. వాటి వెనక గోడ ఆరదు, ఆరని గోడ మీద ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. అమెరికాలో వరద తర్వాత చేయాల్సిన పనుల పుస్తకాలు చదివితే సగం పేజీలు జిప్సమ్ బోర్డును నీటి గీత మీద ఎంత ఎత్తున కోసి పారేయాలన్న దాని మీదే ఉంటాయి. నిన్నటిదాకా మన ఇటుక గోడకు, సున్నపు గోడకు ఆ గొడవ లేదు. ఇటుక నీరు పీల్చుకుంటుంది, నెమ్మదిగా వారాల పాటు ఆరుతుంది, ఆరుతూ ఉప్పు పూత వదులుతుంది, గీకి మళ్ళీ సున్నం వేసుకోవాలి. ఆరకముందే పెయింటు కొట్టిన షాపు యజమాని ఆర్నెల్లకు మళ్ళీ పెయింటరును పిలవాల్సి వస్తుంది. షోరూము సోకు పెరిగేకొద్దీ మనమూ అమెరికా పుస్తకంలోకి వెళ్తున్నాం, వాళ్ళ బీమా మటుకు మనకు లేదు.

సెల్లార్ గురించి ఒక్క మాట. నీళ్ళు నిండిన సెల్లార్‌ను చూడగానే నాలుగు మోటార్లు పెట్టి ఒక్క పూటలో తోడేయాలనిపిస్తుంది. బయట నేల ఇంకా తడిసి బరువుగా ఉన్నప్పుడు లోపలి నీరు ఒక్కసారిగా తీసేస్తే, గోడకు లోపలి నుంచి ఆనిక పోయి బయటి మట్టి, నీరు కలిసి గోడను లోపలికి నెడతాయి. రోజుకు మూడో వంతు చొప్పున తోడి, గోడ మీద గీత పెట్టి, రాత్రికి మళ్ళీ ఊరిందేమో చూసుకుని ముందుకు వెళ్ళడమే ప్రపంచమంతా చెబుతున్న పద్ధతి. కర్నూలులాంటి చోట, నది వెనక్కి తగ్గగానే ఇది పాటించవచ్చు. బుడమేరులాంటి చోట పాటించినా లాభం లేదు, చుట్టూ నీరు ఉన్నంతకాలం తోడిందంతా మళ్ళీ ఊరుతుంది.

ఇప్పుడు నీరు పోయాక జరిగిన పని. 2024లో ప్రభుత్వం చేసిన పనిని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. అగ్నిమాపక యంత్రాలను వీధుల్లోకి దింపి ఇళ్ళూ కొట్లూ కడిగించారు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల మరమ్మతుకు యాప్ ద్వారా మనుషులు దొరికేలా చూశారు. బీమా కంపెనీల ప్రతినిధులను ఒక చోటికి చేర్చి క్లెయిములు త్వరగా తేల్చమన్నారు. సెప్టెంబర్ 17న ప్యాకేజీ ప్రకటించారు: కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తు ఇంటికి 10 వేలు, చిన్న కిరాణాకు, టీ కొట్టుకు 25 వేలు. నమోదైన చిన్న సంస్థల్లో టర్నోవర్ 40 లక్షల లోపుంటే 50 వేలు, 40 లక్షల నుంచి కోటిన్నర దాకా లక్ష, ఆపైన లక్షన్నర.

ఈ చివరి వాక్యం విలువ తెలియాలంటే దేశం మొత్తానికి ఉన్న విపత్తు సాయం నిబంధనలు చూడాలి. అందులో ఇల్లుంది, పంటుంది, గేదె ఉంది, కోడి ఉంది, పడవ ఉంది, వల ఉంది, చేనేత మగ్గం ఉంది. దుకాణంలో సరుకు అన్న పద్దు లేదు. వ్యాపారి నష్టపోతే అది అతని వ్యాపారంలో భాగం అన్నది పాత ఊహ. విజయవాడ ప్యాకేజీ ఆ ఊహను పక్కన పెట్టింది. పై అంతస్తు ఇంటికి 10 వేలు ఇవ్వడంలోనూ ఒక ఆలోచన ఉంది: నీరు తగలకపోయినా పది రోజుల బతుకు పోయిందని ఒప్పుకున్నారు. వాణిజ్య భవనానికి ఈ మాట మరీ వర్తిస్తుంది. మొదటి అంతస్తు టైలరుకు, రెండో అంతస్తు ట్యుటోరియల్‌కు ఒక్క చుక్క తడవకపోయినా, కింద మీటర్ల బోర్డు తడిస్తే బేరం లేదు.

40 లక్షలు, కోటిన్నర అన్న గీతలు ఎక్కడివో వ్యాపారులకు చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాడు జీఎస్టీలో నమోదు కావాల్సిన హద్దు 40 లక్షలు. కాంపోజిషన్ పద్ధతి హద్దు కోటిన్నర. అధికారి కొట్టు ముందు నిలబడి "నీ సరుకు ఎంత పోయింది" అని అడగక్కర్లేని గీతలు ఇవి. ఇక్కడే నా అభ్యంతరం కూడా మొదలవుతుంది. టర్నోవర్ వేరు, ఆ రోజు కొట్లో ఉన్న సరుకు వేరు. కూరగాయల హోల్‌సేల్ వ్యాపారి టర్నోవర్ కోట్లలో ఉండి అంగట్లో మూడు రోజుల సరుకే ఉండొచ్చు. ఫ్యాన్సీ కొట్టువాడు ఏడాదికి ముప్పై లక్షలే అమ్మినా, అరల్లో పదిహేను లక్షల సరుకు పేరుకుని ఉంటుంది. మొదటివాడికి లక్షన్నర, రెండోవాడికి యాభై వేలు. పైగా లెక్క రాసుకోవడం నీరు తీశాక, ఊడ్చాక జరిగింది. జాబితాలో మా పేరు లేదన్న ఫిర్యాదులు గుట్టలుగా వచ్చాయి, మళ్ళీ దరఖాస్తులు తీసుకున్నారు. ఫైరింజను వీధి కడిగినప్పుడు రుజువు కూడా కొట్టుకుపోయింది. ఆరోగ్యం కోసం తొందరగా కడగాలి, పరిహారం కోసం కడగకుండా ఆగాలి. వరద దెబ్బతిన్న ప్రతి దుకాణంలోనూ మొదటి రెండు రోజులు ఈ రెండు పనులూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి.

కర్నూలు ఈ రుజువు చిక్కుకు ఇంకో రకంగా బలైంది. 2009లో దుకాణం లెక్క ఉండేది పద్దు పుస్తకాల్లో, బిల్లు కట్టల్లో. అవి గల్లా పెట్టె కింది అరలో ఉంటాయి, అంటే నీరు మొదట చేరే చోట. సరుకుతో పాటు సరుకు ఉందన్న సాక్ష్యమూ బురదైపోయింది. 2024కి వచ్చేసరికి కొన్న బిల్లులు జీఎస్టీ సర్వర్లో ఉన్నాయి, అమ్మకంలో మంచి భాగం ఫోన్‌పేలో, గూగుల్‌పేలో తేదీతో సహా ఉంది. దుకాణం మొత్తం మునిగినా లెక్క మునగలేదు. పదిహేనేళ్ళలో వచ్చిన మార్పుల్లో వరద బాధితుడైన వ్యాపారికి నిజంగా మేలు చేసింది ఇదొక్కటేనని నా అంచనా.

అయితే జీఎస్టీ ఇచ్చిన చేత్తోనే తీసుకుంటుంది. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును వ్యాపారి తన ఖాతాలో జమ చూపించుకుంటాడు కదా, ఆ సరుకు పోయినా, పాడైనా, నాశనమైనా ఆ జమను వెనక్కి రాయాలి. చట్టం 17వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అంటే పది లక్షల సరుకు బురదలో పోతే, దాని మీద తీసుకున్న పన్ను జమను కూడా ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. పరిహారం లక్షన్నర ఇచ్చి, 18 శాతం సరుకైతే దాదాపు లక్షా ఎనభై వేలు వెనక్కి లాక్కున్నట్టు. బీమా క్లెయిము రాసేటప్పుడు ఈ పన్నును నష్టంలో కలిపి చూపడం చాలామంది మరిచిపోతారు. కాంపోజిషన్‌లో ఉన్నవాడికి ఈ బాధ లేదు, ఎందుకంటే అతనికి ఆ జమే లేదు.

బీమా విషయంలో రెండు ఊళ్ళ కాలాలనూ వేరు చేసే గీత ఇంకొకటి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారులకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అన్న ప్రామాణిక పాలసీ వచ్చింది, ఒక చోట ఉన్న ఆస్తి అయిదు కోట్ల దాకా. వరద అందులో ఉంది. కానీ పాలసీ చేతిలో ఉండటం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. మన వైపు చాలామంది వ్యాపారులకు బీమా ఉందని తెలిసేది బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా నుంచి ప్రీమియం కోసుకున్నప్పుడే. ఆ పాలసీలో షాపు చిరునామా ఉంటుంది, వెనక వీధి గోడౌన్ చిరునామా ఉండదు. గోడౌన్ మునిగితే పాలసీ ఉన్నట్టా లేనట్టా? లేనట్టే. పండగ సరుకు సంగతి ముందే అనుకున్నాం. కొట్లో ఇరవై లక్షల సరుకుండగా పది లక్షలకే బీమా చేస్తే, ఆరు లక్షల నష్టానికి ఆరు రాదు, మూడే వస్తుంది. సగం బీమాకు సగం క్లెయిము. సూక్ష్మ ఉద్యమ్‌లో 15 శాతం దాకా తక్కువ చేసినా వదిలేస్తారు, అంతకు మించితే కోత తప్పదు. భవనం బీమా యజమాని పేరు మీద, సరుకు బీమా అద్దెదారు పేరు మీద. అద్దెదారు సొంత ఖర్చుతో వేయించిన ర్యాకులు, ఏసీ ఏ పాలసీలో ఉన్నాయో ఎవరూ చూసుకోరు.

సర్వేయరు వచ్చేదాకా ఏం చేయాలన్న దానికి మాత్రం సమాధానం కష్టమేం కాదు. నీటి గీత కనిపించేలా ప్రతి గోడనూ వీడియో తీయాలి. అర అరకూ పేరు చదువుతూ ఫోనులో రికార్డు చేయాలి. కుళ్ళే సరుకును తూకం వేసి, ఫోటో తీసి, బీమా కంపెనీకి మెయిలో మెసేజో పెట్టి పారేయాలి. కుళ్ళనిది విడిగా పెట్టి ఉంచాలి, దాని మిగులు విలువ కట్టి క్లెయిములోంచి తీస్తారు కాబట్టి. తడిసిన మెయిన్ బోర్డును ఎలక్ట్రీషియన్ చూడకుండా ఆన్ చేయకూడదు. ఇదంతా ఒక పూట పని. అయితే ఆ పూట వ్యాపారి బుర్ర పనిచేయదు, అందుకే ముందే ఎవరితోనైనా చెప్పి పెట్టుకోవాలి.

మళ్ళీ మన ఊళ్ళకు వద్దాం. మార్కాపురానికి, గిద్దలూరుకు వచ్చే నీరు ఏ రకం? నాకు సందేహం లేదు: కర్నూలు రకం, ఇంకా తక్కువసేపుది. కొండ వాలు నుంచి వచ్చే వాగు నీరు, చెరువు అలుగు నీరు, వీధి కాలువలు మింగలేని వాన నీరు. గంటల్లో వస్తుంది, గంటల్లో పోతుంది. మన బజార్లలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసి వేసి, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్ళే పాత కొట్టుకు ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్ళాలి. కాలువ మీద బండ పరిచి, బండ మీద మెట్టు కట్టి, మెట్టు మీద సరుకు పేర్చాం. కాలువలో పూడిక తీయాలంటే ముందు మెట్టు పగలగొట్టాలి. కాబట్టి అడుగు, అడుగున్నర లోతు నీరు నాలుగైదు గంటలు నిలిస్తే చాలు, కింది వరస మొత్తం పోతుంది. మిగతా ఊరికి అది వాన, కొట్టుకు వరద.

కింది వరసలో మన దగ్గర ఉండేవి కూడా వేరు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల కొట్లు ఈ ఊళ్ళ ప్రాణం. యూరియా బస్తా తడిస్తే నీళ్ళతో పాటే కరిగి పోతుంది, ఖాళీ సంచి మిగులుతుంది. విత్తనం తడిసి ఆరినా మొలక శాతం నమ్మలేం. ఆ ప్యాకెట్టు ఎండబెట్టి అమ్మితే నష్టం కొట్టువాడిది కాదు, తర్లుపాడులోనో కొమరోలులోనో కంది వేసిన రైతుది. పురుగుమందు డబ్బాలు పగిలిన కొట్లోంచి వచ్చే నీటిని చేత్తో తోడే కూలీకి చెప్పులూ గ్లవుజులూ ఉండవు. బుడమేరు మురుగు కన్నా ప్రమాదకరమైన నీరు ఇది, పైకి తేటగా కనిపిస్తుంది కాబట్టి మరీను. కర్నూలు, విజయవాడ అనుభవాల్లో ఈ రకం కొట్టు గురించి ప్రత్యేకంగా ఏ మాటా వినిపించలేదు. అక్కడి కష్టం ఊరి కష్టం. మన కొట్టు మునిగితే చుట్టుపక్కల మండలాల సాగు కూడా దెబ్బతింటుంది.

పలకల సంగతి మాత్రం చెప్పుకుని కాస్త నవ్వుకోవచ్చు. మార్కాపురం రాతి పలక నీటిలో నెల రోజులున్నా దానికేమీ కాదు. పోయేది చుట్టూ ఉన్న చెక్క ఫ్రేము. మూలల దగ్గర అతుకు విడిపోతుంది, చెక్క వంకర పోతుంది, పలక ఊడి చేతికొస్తుంది. సర్వేయరు ఆ గుట్టను చూసి "రాయి బాగానే ఉందిగా" అంటాడు. ఫ్రేము ఖర్చు, మళ్ళీ బిగించే కూలీ, రాయి విలువ విడివిడిగా రాసుకున్న కారఖానాదారుడు బతికి బయటపడతాడు, మొత్తం డజన్ల లెక్కన రాసినవాడు వాదనలో ఓడిపోతాడు.

అరువు ఖాతా విషయంలో ఫోన్‌పే కూడా రక్షించలేదు. మన కొట్లలో ఎరువుల నుంచి బట్టల దాకా పంట చేతికొచ్చేదాకా అప్పుంటుంది. ఆ లెక్క ఇప్పటికీ చేతిరాత పుస్తకమే. కర్నూలు 2009లో పోగొట్టుకున్నది ఈ పుస్తకాలనే. విజయవాడ సింగ్‌నగర్ కొట్లలోనూ ఇవి ఉండే ఉంటాయి. ఏ ప్యాకేజీలోనూ, ఏ పాలసీలోనూ ఈ పుస్తకంలోని బాకీలకు విలువ లేదు. వారానికోసారి పేజీలు ఫోటో తీసి కొడుక్కో కూతురికో పంపితే సరిపోయే పనికి మనవాళ్ళు ఎందుకు బద్ధకిస్తారో నాకు అర్థం కాదు.

ఇక అసలు తగాదా. మనకు వచ్చేది కర్నూలు రకం నీరైతే, రేపు మన మీద పట్టబోయే కొలత విజయవాడది. 2024 ప్యాకేజీ ఇప్పుడు ఒక నమూనా అయిపోయింది. తర్వాత ఏ ఊరు మునిగినా "బెజవాడలో ఇచ్చినట్టు ఇవ్వండి" అనే అడుగుతారు. కానీ ఆ నమూనా పుట్టింది పది రోజులు నిలిచిన నీటికి, డ్రోన్ కంటికి కనిపించిన ముంపుకు, రాష్ట్ర యంత్రాంగమంతా ఒకే ఊళ్ళో మకాం వేసిన సందర్భానికి. మన బజార్లో తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి తొమ్మిదింటికి పోయిన నీటికి ఫోటో ఉండదు, ముంపు పటం ఉండదు. సచివాలయం ఉద్యోగి వచ్చేటప్పటికి నేల ఆరి ఉంటుంది. నష్టం మాత్రం సింగ్‌నగర్ కొట్టు కింది వరసకూ మన కొట్టు కింది వరసకూ సమానం.

పంట విషయంలో మన రాష్ట్రం ఈ చిక్కును కొంతవరకు విప్పింది. ఈ-క్రాప్‌లో పంట ముందే నమోదవుతుంది: ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఎన్ని ఎకరాలు. వరదొచ్చాక పొలంలో పైరు లేకపోయినా, ఉండేదన్న లెక్క కాగితం మీద ఉంటుంది. దుకాణానికి ఇలాంటి లెక్క ఇప్పటికే మూడు చోట్ల ఉంది: జీఎస్టీ రిటర్నులో కొనుగోళ్ళు, బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సులో చదరపు అడుగులు. విజయవాడలో మొదటిదాన్ని గీతలు గీయడానికి వాడారు, సరుకు తేల్చడానికి వాడలేదు. రెండోదాన్ని ఎవరూ అడగలేదు. నెలనెలా బ్యాంకుకు సరుకు ఎక్కువ చూపించి అప్పు తెచ్చుకునే వ్యాపారికి అది అడగకపోవడమే మేలన్నది వేరే మాట. మూడోది ఏటా రెన్యువల్ అవుతూనే ఉంది. అందులో రెండు గడులు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు: కొట్టు నేల రోడ్డు కన్నా ఎన్ని అంగుళాలు పైన లేదా కింద ఉంది, సెల్లార్‌లో సరుకుందా లేదా. మార్కాపురం, గిద్దలూరు మున్సిపాలిటీలు ఈ వేసవిలోనే ఆ కొలత తీయించవచ్చు. వాన రాని నెలల్లో టేపు పట్టుకుని బజారంతా తిరగడానికి ఇద్దరు మనుషులు చాలు. మొదట బయటపడేది ఎన్ని కొట్లు రోడ్డు కన్నా కింద ఉన్నాయన్న సంఖ్య. అది చూశాక రోడ్డు మీద మళ్ళీ రోడ్డు వేసే టెండరుకు ఎవరు సంతకం పెడతారో చూడాలి.